నీడబండ దగ్గర తాడు ఎవరు పట్టాలి

లోయ అంచుకు వచ్చిన మనిషి మొట్టమొదట చేసే పని మాట ఆపెయ్యడం. జీపులో దారి పొడుగునా పాటలు పాడినవాళ్లు, పులి కనబడలేదని నన్ను దెప్పినవాళ్లు, ఫోన్లకు సిగ్నల్ లేదని విసుక్కున్నవాళ్లు, అందరూ ఆఖరి పొదలు దాటి బండ మీదికి రాగానే గప్‌చుప్ అయిపోతారు. ఎదురుగా ఆవలి గట్టు కొండలు నీలంగా, పొగ పట్టినట్టు ఉంటాయి. మధ్యలో ఉన్నదంతా ఉత్త గాలి. ఆ గాలికి అడుగున, రెండు రాతి గోడల నడుమ, కృష్ణ కదులుతున్నట్టే కనబడదు. కాసేపటికి ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "సార్, గది నదేనా?" అని అడుగుతారు. నదేనని చెప్తాను. ఎన్ని వందల సార్లు చెప్పానో లెక్కలేదు.

మొన్న అటవీ శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఒక అమ్మాయి, ఒక అబ్బాయి దేవరకొండలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరికీ నల్లమలలోనే పోస్టింగు. క్వార్టర్లు ఎట్లుంటాయి, సెలవులు దొరుకుతాయా, బదిలీ ఎన్నేళ్లకు అని అడిగారు. తెలిసింది చెప్పి చాయ్ తాగించి పంపాను. వాళ్లు సందు మలుపు తిరిగాక నాకే సిగ్గనిపించింది. అడిగినవాటికి జవాబు చెప్పాను గాని ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ చెప్పనిదే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు ఖాజా. మా నాయిన దేవరకొండ బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసేవాడు. నేను ఫారెస్టు గార్డుగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా దిగిపోయాను. నడుమ ఏమేం జరిగిందో ఫైళ్లల్లో ఉంటుంది, అది వదిలేద్దాం. తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా అడవిలో లోయ అంచుదాకా ఒక కాలిబాట వేసి జనానికి తెరిచారు. చివరి ఎనిమిదేళ్లు ఆ బాట నా చేతిలో ఉంది. వచ్చినవాళ్లను నడిపించుకొని పోవడం, చూపించడం, ఎంతమందిని తీసుకుపోయానో అంతమందినీ వెనక్కి తేవడం. పని అంతే. వినడానికి చాలా సులువు.

ఒక్కచోట కూర్చోబెట్టిన సారు

ఆ పని నాకు అప్పగించినవాడు రాఘవులు సారు, అప్పటి మా రేంజరు. బాట ఇంకా తెరవకముందు ఒకరోజు నన్ను జీపులో తీసుకుపోయి అంచున దింపాడు.

"ఖాజా, పొద్దుమూకెదాక గీ బండ మీద కూసో. ఏం రాయకు, ఏం గీయకు. సాయంత్రం వస్త" అని వెళ్లిపోయాడు.

దగ్గర రెండు జొన్నరొట్టెలు, టమాట తొక్కు ఉన్నాయి. మొదటి గంట బాగానే గడిచింది. రెండో గంటలో విసుగు. మధ్యాహ్నం ఒక చెట్టు నీడన కునుకు తీశాను. లేచేసరికి ఎండ పడమటికి వాలింది. మా వైపు గట్టు వంపు తిరిగిన చోట గోడ మీద ఎరుపు మెల్లగా పైకి పాకుతోంది. చూస్తూ చూస్తూ ఉంటే నేను లేచానో, ఇంకా నిద్రలోనే ఉన్నానో తెలియలేదు. రాయి ఊపిరి తీసుకుంటున్నదని అనిపించింది. ఇట్లాంటివి ఆఫీసులో చెప్తే నవ్వుతారు గనుక ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం సారు వచ్చి, "ఏం ఇన్నవ్?" అన్నాడు.

"గాలి సార్. గద్దలు. కొండముచ్చులు."

"నది?"

"ఇనబడలే సార్."

"అయితె రేపు గూడ కూసో."

మూడో రోజు వినబడింది. నీళ్ల చప్పుడులా లేదు. పక్కింట్లో ఎవరో పసిపిల్లను జోకొడుతూ లోగొంతుతో పాడుతున్నట్టు ఉంది. చెవి పెడితే పోతుంది, ఊరికే కూర్చుంటే వస్తుంది. సారుకు చెప్తే భుజం తట్టి, ఇంక బాట నీదే అన్నాడు. ఆ మూడు రోజుల పాఠం నాకు ముప్పై ఏళ్ల నౌకరీలో ఇంకెవరూ చెప్పలేదు.

అయితే ఆయన గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అడవిని అంత ప్రేమించిన మనిషి, అందులో పనిచేసే చెంచు వాచర్లను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఓయ్" అనేవాడు. అంచున కూర్చుని వినడం ఆయనకు నేర్పింది మా వాచరు లింగయ్య వాళ్ల నాయిన అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆయన ఆ సంగతి ఎప్పుడూ బయటపెట్టలేదు. నేను మాత్రం అట్లా ఉండకూడదని గట్టిగా అనుకున్నాను. అందరినీ పేరుతోనే పిలిచాను. పిలిచి, నాకంటే మంచి ఆఫీసరు లేడని లోలోపల మురిసిపోయేవాణ్ని. ఆ మురిపెం ఎక్కడికి తీసుకుపోయిందో ముందుముందు చెప్తాను.

చూడటానికి వచ్చేవాళ్లు

చాలామంది పులి కోసం వస్తారు. పులి వాళ్ల కోసం రాదు. కొత్తగా చేరేవాళ్లకు నా సలహా: పులి గురించి మాట ఇవ్వకండి. లోయ గురించి కూడా ఎక్కువ చెప్పకండి. చూడనివ్వండి.

ఒకసారి కొత్తకోట నుంచి ఒక ముసలాయన కొడుకు కుటుంబంతో వచ్చాడు. జన్మంతా వేరుశనగ వేసిన రైతు. అందరూ ఫోటోలు దిగుతుంటే ఆయన తువ్వాల భుజాన వేసుకొని అంచు దగ్గర కంచె పట్టుకొని కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలడు. దగ్గరికి పోతే కళ్లు తడిగా ఉన్నాయి.

"నాలుగు బోర్లేసిన సారూ. నాలుగు ఎండిపాయె. గిన్ని నీళ్లు గింత లోతున ఇట్ల నిమ్మలంగ పోతున్నయని తెల్వనే తెల్వదు" అన్నాడు.

పక్కన నిలబడ్డాను. ఇద్దరం చాలాసేపు నీళ్లను చూశాం. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, మంచిగ సూపిచ్చినవు బిడ్డా అన్నాడు. నేను ఏమీ చూపించలేదు, నోరు మూసుకున్నాను అంతే. అది నా ఉద్యోగంలో నేను బాగా చేసిన రోజుల్లో ఒకటి.

అట్లాంటి రోజులు తక్కువ, ఎందుకంటే నాకు మాటల పిచ్చి. జనం నా చుట్టూ చేరి నోరు తెరుచుకొని వింటుంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. ముఖ్యంగా రెండు కథలు తప్పకుండా చెప్పేవాణ్ని. ఒకటి నీడబండ కథ, రెండోది తేనె తాడు కథ.

నీడబండ అంటే బాట చివర కంచె దాటాక లోయలోకి పొడుచుకొని వచ్చిన బండ. వానలు వెనకబట్టే రోజుల్లో ఎప్పుడో ఒక పొద్దున లోయ నిండా మబ్బు నిండుతుంది. నది ఉండదు, గోడలు ఉండవు, కాళ్ల దగ్గర నుంచి ఆవలి గట్టుదాకా తెల్లటి పాలు. అప్పుడు మన వీపు వెనక ఎండ పొడిచిందా, మన నీడ ఆ మబ్బు మీద పడుతుంది. పొడుగ్గా, మనిషి కంటే ఎంతో పెద్దగా. తల చుట్టూ గుండ్రంగా సింగిడి, అంటే ఇంద్రధనుస్సు రంగులు. పక్కన ఇంకెవరు నిలబడినా ఎవరి తల చుట్టూ ఉన్న రంగులు వాళ్లకే కనబడతాయి. అందుకే చెంచులు దాన్ని నీడబండ అన్నారు.

అన్నేళ్లలో నేను దాన్ని చూసింది రెండుసార్లు. చెప్పింది మాత్రం వచ్చిన ప్రతి జీపుకూ.

తేనె తాడు

రెండో కథ లింగయ్యది. లింగయ్య మా బాట మీద వాచరు. లోయ అంచుకు కూతవేటు దూరంలో వాళ్ల పెంట, అంటే చెంచుల పల్లె. భార్య ఈదమ్మ, బాట మొదట్లో కట్టెల పొయ్యి మీద చాయ్ పెట్టి వచ్చినవాళ్లకు ఇచ్చేది. ఈదమ్మ తమ్ముడు గురువయ్య కూడా వాచరే. అన్నిట్లో బావ వెంట బామ్మర్ది.

ఎండాకాలం ముందు వాళ్లు లోయ గోడలకు పట్టిన తేనె తీయడానికి దిగుతారు. పైన చెట్టుకు తాడు కడతారు. ఒకడు ఆ తాడుతో గోడ వెంట దిగుతాడు. ఇంకొకడు పైన ముడి దగ్గర కూర్చుని, తాడు మీద రెండు చేతులు వేసి ఉంచుతాడు. దిగినవాడు పైకి వచ్చేదాకా వాడు లేవడు, ఎవరితో మాట్లాడడు. ఆ పైన కూర్చునేవాడు ఎప్పుడూ దిగినవాడి భార్యకు తోడబుట్టినవాడే అయి ఉండాలి. సొంత అన్న, సొంత తమ్ముడు తాడు ముట్టరు.

ఎందుకని లింగయ్యను మొదటిసారి అడిగినప్పుడు నవ్వాడు.

"అన్నదమ్ములకు ఏముంటది సారూ, పంచాయితిలుంటయి. బామ్మర్దికైతె అక్క బొట్టు పోతదన్న భయముంటది. భయమున్నోని చెయ్యి జారదు."

ఈ ముక్క చెప్పగానే జీపులో వచ్చినవాళ్లందరూ పడిపడి నవ్వేవాళ్లు. వదినలు మరుదులను ఏడిపించేవాళ్లు. బామ్మర్దులు మీసాలు దువ్వేవాళ్లు. కథ బాగా పండేది. గురువయ్య పక్కనే నిలబడి సిగ్గుపడుతూ నేల చూసేవాడు.

ఈదమ్మ నన్ను 'అన్నా' అనేది. దానికి కారణం ఉంది. బాట తెరిచిన ఏడాదే ఆమెకు నొప్పులు వచ్చి రెండు రోజులైనా కాన్పు కాలేదు. ఆఫీసు జీపులో దవాఖానకు తీసుకుపోతుంటే సగం దారిలోనే అయింది. ఆమె అత్త లోపల, నేను బయట రోడ్డు మీద వీపు తిప్పి నిలబడి తెలిసిన దువాలన్నీ చదువుతున్నాను. ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారని దవాఖానలో చెప్పాక చూడబోతే, "అన్నా, నీ పానం సల్లగుండ" అంది. ఆ రోజు నుంచి అదే పిలుపు. ఊళ్లల్లో వరస కలిపి పిలవడం మామూలే కదా, నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. లింగయ్య మాత్రం నన్ను ఎప్పుడూ 'సారూ' అనేవాడు.

నేను వేసిన డ్యూటీ

రిటైరవడానికి రెండేళ్ల ముందు మా చెక్‌పోస్టులో వచ్చేపోయే బండ్లను రాసుకోవడానికి చదువు వచ్చిన మనిషి కావాల్సి వచ్చింది. వాచర్లలో ఏడో తరగతిదాకా చదివినవాడు గురువయ్య ఒక్కడే. చెక్‌పోస్టు లోయ అంచుకు జీపులో వచ్చినా గంటన్నర దూరం. గురువయ్యను అక్కడికి మార్చాను. అతని జాగాలో లింగయ్య సొంత అన్న బయ్యన్నను వేశాను. బయ్యన్న ఎప్పటినుంచో ఇంటికి దగ్గర్లో డ్యూటీ అడుగుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కచోట ఉంటారు, ఒక తల్లి పిల్లలు, ఇంకేం కావాలి అనుకున్నాను. ముగ్గురికీ మేలు చేశానని సంబరపడ్డాను కూడా.

డ్యూటీ చార్టు చదివి వినిపించాను. "గట్లనా సారూ" అన్నాడు లింగయ్య. అంతే. గురువయ్య తువ్వాల దులుపుకొని బస్సు ఎక్కాడు.

బాట మీద జారుడు చోట్ల జనం పట్టుకోవడానికి తాడు కట్టాల్సి వస్తుంది. ఎవరన్నా కింద చిక్కుకుంటే దిగాల్సింది లింగయ్యే. ఆ సంగతి నాకు తెలుసు. తాడు పైన ఎవరు కూర్చోవాలో కూడా తెలుసు, వందలసార్లు చెప్పి నవ్వించినవాణ్ని. కానీ కాగితం మీద పేర్లు రాసేటప్పుడు అది నాకు తట్టనే లేదు. వాళ్ల బతుకులో కట్టుబాటుగా ఉన్నది నా నోట్లో వినోదం అయిపోయింది. రాఘవులు సారు పేరు పెట్టి పిలవలేదని ఆయన్ను తప్పుపట్టాను. నేను పేరు పెట్టి పిలిచి, వాళ్లు చెప్పింది వినలేదు. ఇద్దరిలో ఎవరు మేలు అంటే ఇప్పటికీ చెప్పలేను.

ముసురు పట్టిన పొద్దు

దసరా సెలవులు దాటిన రోజులు. ఎక్కడో తుఫాను పుట్టి మూడు రోజులుగా ముసురు. జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఎనిమిది మంది ఎప్పుడో పేర్లు రాయించుకున్నారు, సెలవు మళ్లీ దొరకదని వానలోనే వచ్చారు. అందులో సుజాత అని ఒకామె. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇంటి నుంచి ఇట్లా బయటికి రావడం ఏళ్ల తర్వాత ఇదే మొదటిసారని జీపు ఎక్కగానే చెప్పింది. నీడబండ కథ ఆమెకు బాగా పట్టింది.

"నిజంగ సింగిడి కనవడ్తదా సార్? మీరు సూసిండ్రా?"

"రెండుసార్లు."

"ఎట్లనిపిచ్చింది?"

నేను ఆగలేదు. ఇంకా పెంచి చెప్పాను. ఆ నీడను చూసినప్పుడు మన బరువంతా దిగిపోయినట్టు ఉంటుందన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ ముఖం చూసైనా నాకు అర్థం కావాల్సింది.

మేం అంచుకు చేరేసరికి వాన ఆగింది. లోయ నిండా మబ్బు. అందరూ నోరు మూసుకున్నారు. ఆగిన ప్రతి చోటా తలలు లెక్కపెట్టడం నా అలవాటు. లెక్కపెడితే ఏడు. తగ్గిన ఒకామె వెనక ఈదమ్మ దగ్గర చాయ్ తాగుతూ ఉండిపోయిందనుకున్నాను. అనుకోవడం అనేది మన ఉద్యోగంలో పెద్ద పాపం. అప్పుడే వెనక మబ్బులు చీలి ఎండ పొడిచింది. వెంటనే కంచె అవతల నుంచి ఒక కేక.

పరుగెత్తాం. నీడబండ మీద ఎవరూ లేరు. లింగయ్య బోర్లా పడుకొని పాకి, అంచు నుంచి తల వంచి చూశాడు. మూడు నిలువుల కింద గోడకు చాప పరిచినంత జాగా ఉంది. సుజాత అక్కడ కూర్చొని రాతిని కరుచుకొని ఉంది. కాలు మెలిపడింది. ఆమె కింద ఉన్నదంతా మబ్బు.

"అమ్మా, కదలకు. కండ్లు మూస్కో" అని లింగయ్య మెల్లగా చెప్పాడు. తర్వాత ఆకాశం వైపు చూసి నాతో అన్నాడు. "ముసురు మళ్లొస్తది సారూ. వాన గట్టిగ పడితె నీళ్లు గా చారలకెళ్లి దుంకుతయి. గామె కూసున్నది గాడనే."

వైర్‌లెస్‌లో చెప్పాను. మనుషులు వచ్చేసరికి రెండు గంటలంటే రెండు గంటలు. వాన అంతసేపు ఆగేలా లేదు. బయ్యన్న ఉరికిపోయి రెండు తాళ్లు తెచ్చాడు. లింగయ్య ఒకటి నల్లమద్ది చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పాడు.

"బయ్యన్నా, పట్టు" అన్నాను.

బయ్యన్న తాడు వంక చూశాడు గాని ముట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను పట్టరాదు సారూ."

"మీ తమ్ముడే గదా!"

"తమ్ముడే సారూ. గందుకే."

నాకు కోపం నెత్తికెక్కింది. మనిషి పానం మీదికొస్తే ఇవేం పట్టింపులని అరిచాను. బయ్యన్న తల వంచుకున్నాడు. వెనక్కి కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు. ఏదన్నా జరిగితే జన్మంతా పెంటలో ప్రతి కన్నూ తన చేతులనే చూస్తుంది. ఆ కట్టుబాటు దిగేవాడి కోసమే కాదు, అన్నదమ్ముల కోసం కూడా. నాకది అప్పటిదాకా తట్టలేదు.

లింగయ్యకు కోపం రాలేదు. "పట్టింపు గాదు సారూ. పైన ఎవరున్నరో ఎరుకైతెనే కింద కాలు ఆడుతది" అన్నాడు.

గురువయ్య ఏడి అని ఎవరూ అడగలేదు. ఎక్కడున్నాడో, ఎవరు పంపారో అందరికీ తెలుసు. చినుకులు మొదలయ్యాయి. కింద నుంచి సుజాత, "సార్, సార్" అని పిలుస్తోంది. నా నోట మాట రాలేదు. వందలమందిని నవ్వించిన నోరు.

ఈదమ్మ చాయ్ కెటిల్‌తో ఎప్పుడు వచ్చిందో, పొద దగ్గర నిలబడి అంతా చూసింది. కెటిల్ కింద పెట్టింది. "మా అన్న పడ్తడు" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరొచ్చారా అని. ఆమెకు తోడబుట్టిన అన్న లేడు. వచ్చి, తాడు తీసి నా చేతుల్లో పెట్టింది.

"కూసో అన్నా. ఆయన మీదికొచ్చెదాక లెవ్వకు."

లింగయ్య నా ముఖంలోకి ఒక్క నిమిషం చూశాడు. అన్నేళ్లలో అట్లా ఎప్పుడూ చూడలేదు. ఇంకేం మాట్లాడకుండా రెండో తాడు కొస భుజాన వేసుకొని, మొదటి తాడు నడుముకు బిగించి అంచు దిగిపోయాడు. బిస్మిల్లా అనుకొని చెట్టు వేరుకు కాళ్లు తన్ని కూర్చున్నాను.

ఆ తర్వాతి సంగతులు నాకు కలలో జరిగినట్టే గుర్తున్నాయి. తాడు నా అరచేతుల్లోంచి కొంచెం కొంచెంగా పోతోంది. ఒక్కసారి గుంజితే తాడు ఇంకొంచెం వదలాలి, రెండుసార్లు గుంజితే ఆపాలి, మూడుసార్లంటే పైకి వస్తున్నాడని. చినుకుల్లోనే మళ్లీ ఎండ వచ్చింది. తల ఎత్తితే ఎదురుగా మబ్బు మీద నా నీడ. కొండంత మనిషి కూర్చొని ఉన్నాడు. తల చుట్టూ సింగిడి. రెండు చేతుల్లోంచి తాడు కిందికి, తెలుపులోకి దిగిపోయింది. నా జీవితంలో మూడోసారి, అన్నిటికంటే స్పష్టంగా చూశాను. కొంచెం కూడా సంతోషం కలగలేదు. భయం ఒక్కటే. అంత భయం నేను ఎన్నడూ ఎరగను. ఈదమ్మ నా వెనకే నిలబడి ఉంది. ఆమె ఊపిరి వినబడుతోంది.

జేబులో ఫోను మోగింది, ఎప్పుడూ లేని సిగ్నల్ అప్పుడే వచ్చింది. ఆగి మళ్లీ మోగింది. బయ్యన్న, వచ్చినవాళ్లలో నలుగురు కలిసి రెండో తాడుతో సుజాతను పైకి లాగుతున్నారు. ఆఫీసరును నేను, అటు చూడాల్సింది నేను. చూడలేదు. ఆమె చెయ్యి నా మోకాలి పక్కనే అంచు మీదికి వచ్చింది. ఏడుస్తూ ఏదో అంది. తల తిప్పలేదు. నాకు లోకంలో తాడు ఒక్కటే ఉంది, దాని చివర మా చెల్లె మొగుడు ఉన్నాడు.

వాన గట్టిగా దిగింది. బండ మీద నీళ్లు చార కట్టి అంచు నుంచి కిందికి దూకడం మొదలైంది. తాడు తడిసి బరువెక్కింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒక గుంజు. రెండు. కొంచెం ఆగి, మూడోది.

లింగయ్య చెయ్యి కనబడింది, తర్వాత తల. పైకి పాకి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. నేను ఇంకా తాడు వదల్లేదు. వదలడం చేతకాలేదు. ఈదమ్మ కూర్చొని నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. అరచేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. లింగయ్య ఆ చేతుల వంక చూసి, తడి ముఖం తుడుచుకున్నాడు.

"బావా, నీళ్లున్నయా?" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత

ఫోను చేసింది కొత్త రేంజరు. అరగంట నుంచి ఎందుకు ఎత్తలేదని మండిపడ్డాడు. తాడు పట్టుకున్న సార్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. రిపోర్టులో నా తప్పులు రెండూ రాశాను: ఆమెను ఆ బండకు పంపింది నా కథ, గురువయ్యను దూరం పంపింది నా చార్టు. మెమో వచ్చింది. రావాల్సిందే. మర్నాడే గురువయ్య వెనక్కి వచ్చాడు. "నా నౌకరి నువ్వు గుంజుకుంటివి గద సారూ" అని ఒకటే నవ్వు. సుజాత కాలికి కట్టు కట్టించుకొని పోతూ, "సూసిన సార్, సింగిడి సూసిన" అని నా చెవిలో చెప్పింది. మందలించాల్సినవాణ్ని, తల ఊపాను. ఆ తర్వాత నీడబండ కథ ఎవరికీ చెప్పలేదు. తేనె తాడు కథ కూడా నవ్వడానికి చెప్పలేదు.

ఇప్పుడు బెల్టులు, ఇనుప కొక్కేలు వచ్చాయట. మంచిది, తప్పకుండా వాడండి. కానీ డ్యూటీ చార్టు వేసే ముందు, కింద దిగేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని పైన ఎవరుంటే నీకు కాలు ఆడుతుందని అడగండి. "గట్లనా సారూ" అని ఊరుకున్నాడంటే, ఆ చార్టు చింపెయ్యండి.

ఇది రాయడం మొదలుపెట్టి వారం అయింది. నిన్న ఈదమ్మ ఫోను చేసింది. తేనె కాలం వచ్చింది, ఎల్లుండి లింగయ్య దిగుతాడట. గురువయ్య భుజం బెణికింది, పక్కన కూర్చుని చెప్తాడు గాని పట్టలేడు.

"నా చేతులు మునుపటి లెక్క లేవు చెల్లే. వేళ్లు ముడుచుకుంటలేవు. వేరే ఎవరినన్న సూడుండ్రి" అన్నాను.

ఫోను చెయ్యి మారిన చప్పుడు వినబడింది. తర్వాత లింగయ్య గొంతు వచ్చింది.

"నువ్వు రాకుంటె నేను దిగ బావా. గంతే."

మా ఇంటావిడ సంచిలో నొప్పుల మందు, ఉన్ని శాలువా పెట్టింది. రేపు పొద్దున అయిదింటికి బస్సు. మధ్యాహ్నం నుంచి గోరువెచ్చని నీళ్లల్లో చేతులు ముంచి, వేళ్లు ముడిచి తెరుస్తూ కూర్చున్నాను.